ఒకే పేరున్న రెండు డబ్బాలు

లైనన్న అసలు పేరు కంపెనీ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఇరవై ఆరేళ్ల కిందట, టెలిఫోన్ తీగలు లాగే రోజుల్లో, ఎవరో ముసలాయన కిటికీలోంచి "ఓ లైనన్నా!" అని కేకేశాడు. అది అతుక్కుపోయింది. రాగి తీగలు పోయి గాజు తీగలొచ్చాయి. నల్ల ఫోన్లు పోయి గోడల మీద తెల్ల డబ్బాలొచ్చాయి. ఆ ముసలాయనా పోయాడు. లైనన్న మాత్రం లైనన్నే.

ఆయన పని వినడానికి సులువే. నెట్ రాని ఇంటికి వెళ్లాలి, వచ్చేలా చేసి బయటపడాలి. కంపెనీ వాళ్లు ఇంటికి నలభై నిమిషాలు లెక్కగట్టారు. గుమ్మంలో అడుగు పెట్టి ఫోన్‌లో మీట నొక్కగానే ఆ నిమిషాలు తరగడం మొదలవుతుంది. ఆ నలభైలోనే సామాను దించుకోవాలి, తీగ చూడాలి, డబ్బా చూడాలి, ఇంటివాళ్ల చేత నాలుగు తిట్లు తినాలి. తిట్లకు విడిగా సమయం ఇవ్వకపోవడం అన్యాయమని ఒకప్పుడు నవ్వుతూ అనేవాడు. ఈమధ్య అనడం మానేశాడు.

మానేసింది మోకాలి నొప్పి వల్ల కాదు. మోకాలి బాధ మోకాలికి ఉంది, అది తర్వాత చెబుతాను. ఆయన్ను నిజంగా అరగదీసింది అబద్ధం.

కంపెనీ ఇచ్చే తెల్ల డబ్బా చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. ఇంట్లో రెండు ఫోన్లుంటే బుద్ధిగా పనిచేస్తుంది. నాలుగయ్యేసరికి వేడెక్కుతుంది, ఆరయ్యేసరికి మొండికేస్తుంది. ఎవరైనా గంటల తరబడి వీడియోలో మాట్లాడితే చెప్పాపెట్టకుండా పడుకుంటుంది. ఈ సంగతి లైనన్నకు తెలుసు, సూపర్‌వైజరుకు తెలుసు, ఆ డబ్బాలు కొన్న పెద్దలకూ తెలిసే ఉంటుంది. కానీ డబ్బాలో లోపముందని కస్టమర్‌తో అనకూడదని పైనుంచి హుకుం. మరి ఏమనాలి? గోడలు మందమండీ అనాలి. మీ ల్యాప్‌టాప్ పాతదండీ అనాలి. పక్కింటివాళ్ల వైఫై అడ్డొస్తోందండీ అనాలి. రోజుకు ఏడెనిమిది ఇళ్లు, ఇంటికో అబద్ధం. సాయంత్రం ఇంటికి చేరి మొహం కడుక్కుంటుంటే నోరు కూడా కడుక్కోవాలనిపించేది.

ఇక మోకాలి సంగతి. ఆరేళ్ల కిందటి దాకా ఆయన బయటి జట్టులో ఉండేవాడు. బయటి జట్టంటే నిచ్చెనలేసుకుని స్తంభాలెక్కి తీగలు లాగేవాళ్లు. ఒక వానరోజు తడిసిన నిచ్చెన జారి, లైనన్న కింద కాంక్రీటు గట్టు మీద పడ్డాడు. కుడి మోకాలు నలిగింది. లోపల ఇనుప పట్టీ వేసి నిలబెట్టారు. నడవొచ్చు, నెమ్మదిగా మెట్లెక్కొచ్చు, నిచ్చెన మాత్రం కలలో కూడా ఎక్కొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి కంపెనీ ఆయన్ను ఇళ్ల పనికి మార్చింది.

ఆయన భార్య ఒక ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. నోరు పదును, చెయ్యి మెత్తన. రోజూ సాయంత్రం ఆ మోకాలికి వేడినీళ్ల గుడ్డ వేస్తూ ఒక్కటే మాట అనేది.

"ఇంకోసారి నిచ్చెనెక్కావంటే, నువ్వు పైనుండగా ఆ నిచ్చెన నేనే లాగేస్తా. చెప్పలేదనేవు."

"పైనే ఉండిపోతాలే. నీ నోటికి అందకుండా ఉంటుంది" అనేవాడు లైనన్న.

ఇద్దరూ నవ్వేవాళ్లు. ఈ ఏడాది మొదట్లో కంపెనీ కొత్త నియమం తెచ్చాక ఆ హాస్యం తగ్గింది. నియమమేమిటంటే, ముప్పై రోజుల్లో ఒకే ఇంటి నుంచి మూడు ఫిర్యాదులొస్తే ఆ ఇంటికెళ్లిన మనిషి బయటి జట్టుకు మారాలి, అక్కడి మనిషి లోపలికి రావాలి. మోకాలుందా, లోపల ఇనుముందా అని నియమం అడగదు.

ఆ నియమం వచ్చిన మూడో నెలలో, మూడో అంతస్తులోని ఒక ఇంటి నుంచి లైనన్నకు పిలుపొచ్చింది.

తలుపు తీసినావిడకు నలభై ఐదేళ్లుంటాయి. మెడలో హెడ్‌ఫోన్స్ వేలాడుతున్నాయి, కళ్ల కింద నలుపు తేలింది. ఆవిడా, బడికెళ్లే కూతురూ ఉంటారు ఆ ఇంట్లో. ఆవిడ ఆస్పత్రులకు దుబాసీ. డాక్టరుకు తెలుగు రాదు, రోగికి డాక్టరు భాష రాదు. ఇద్దరి మధ్యా వీడియోలో ఈవిడ కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తుంది. లైనన్న మనసులో అప్పుడే ఆవిడకు దుబాసమ్మ అని పేరు పెట్టేశాడు. తనకు పేరు పెట్టిన లోకం మీద ఆయన అలా కక్ష తీర్చుకుంటుంటాడు.

"నిన్న ఏం జరిగిందో తెలుసా అన్నగారూ?" అంది దుబాసమ్మ. "ఒకావిడకి డాక్టరుగారు రిపోర్టు చదివి చెబుతున్నారు. 'మీ రిపోర్టులో తేలిందేమిటంటే' అని నేను అన్నాను. అంతే, మీ డబ్బా పడుకుంది. మళ్లీ లేచేసరికి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ ఆవిడ ఏమేం అనుకుని ఉంటుందంటారు?"

లైనన్న అలవాటైన మాట బయటికి తీశాడు.

"గోడలు మందంగా ఉన్నాయమ్మా. అందుకే లోపలి గదిదాకా అందట్లేదు."

దుబాసమ్మ రెండడుగులేసి, గోడ మీద వేలితో టకటకా కొట్టింది. లోపల బోలుగా ఉన్న సన్న పలక గోడ. తలుపు తట్టినట్టు మోగింది. లైనన్న సంచీలోకి తల దూర్చి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. యాభై నాలుగేళ్ల మనిషి ఒక గోడ ముందు సిగ్గుపడటమంటే మాటలు కాదు.

ఆ రోజు తీగ చివర మార్చి వచ్చాడు. పది రోజులకు రెండో ఫిర్యాదు. ఈసారి డబ్బానే మార్చాడు. మార్చింది అలాంటి ఇంకో డబ్బాతోనే, బుద్ధులూ అవే. లోపలి గదికి తీగ లాగుదామంటే గోడకు మేకు దిగకూడదని ఇంటి యజమాని ముందే కాగితం రాయించుకున్నాడు. లైనన్న బయటికొస్తూ మెట్ల మీద నిలబడి రోజులు లెక్కపెట్టుకున్నాడు. నెల తిరగడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి.

వారం గడిచాక దుబాసమ్మ నేరుగా ఆయన నంబరుకే ఫోన్ చేసింది.

"అన్నగారూ, నేనే సొంతంగా ఒక రౌటర్ కొనుక్కున్నాను. మంచిదే. మీ డబ్బాతో వేగలేను. కంపెనీకి ఫోన్ చేస్తే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వడం కుదరదంటున్నారు. ముప్పావుగంట పాట విన్నాక ఆ మాట చెప్పారు. మీరొచ్చి పెట్టగలరా?"

సొంత రౌటర్ పెట్టుకోకూడదని ఎక్కడా రాసిలేదు. కానీ లైన్ తెరుచుకోవాలంటే కావలసిన ఆ రెండు మాటలూ కస్టమర్లకు ఇవ్వరు. అవి లైనన్న ఫోన్‌లో ఉన్నాయి. పెడితే, రేపు ఏం తేడా వచ్చినా తన తలకు చుట్టుకుంటుంది. పెట్టకపోతే ఆవిడ ఆ తెల్ల డబ్బాతో విసిగి ఎలాగూ మూడో ఫిర్యాదు చేస్తుంది. ఎటు చూసినా నిచ్చెనే కనబడింది.

"రేపు పొద్దున్నే వస్తానమ్మా" అన్నాడు.

మర్నాడు పని మొదలుకాకముందే వెళ్లాడు. గుమ్మం పక్క గోడ మీద తెల్ల డబ్బా, దాని కింద చెప్పుల అర. ఆ అర మీద కొత్త రౌటర్, నల్లగా, నాలుగు కొమ్ములతో. గాజు తీగ నేరుగా ఆ కొత్తదాంట్లోకి దూరదు, కాబట్టి తెల్ల డబ్బాను తీసేయడానికి లేదు. దాని పెత్తనం మాత్రం తీసేయాలి. వచ్చిన సిగ్నల్‌ను వచ్చినట్టుగా కొత్త రౌటర్‌కు అందించి ఊరుకోవాలి. వాళ్ల భాషలో దాన్ని బ్రిడ్జ్‌లో పెట్టడం అంటారు. లైనన్న తెల్ల డబ్బాను బ్రిడ్జ్‌లో పెట్టాడు. కొత్తదాంట్లో ఆ రెండు మాటలూ కొట్టాడు. కొడుతున్నంతసేపూ దుబాసమ్మ మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంది.

చివరగా వైఫైకి పేరు పెట్టాలి. ఇక్కడ లైనన్నకు ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో డబ్బా మార్చినా కొత్తదానికి పాత పేరే, పాత పాస్‌వర్డే పెడతాడు. అప్పుడు ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ, ప్రింటర్ అన్నీ వాటంతట అవే అందుకుంటాయి. పెద్దవాళ్లు అక్షరాలు వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. ఇళ్ల పనికి వచ్చిన ఈ ఆరేళ్లలో ఆయన పదిమందికీ చేసిన మేలు ఇదే. ఎవరూ గమనించలేదు, ఎవరూ థాంక్స్ చెప్పలేదు. ఈ ఇంట్లోనూ అలాగే పెట్టాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని లోపలి గదిలో కూర్చుని, తలుపు బార్లా తీసి, గంటసేపు వీడియో ఆడించి చూశాడు. ఒక్కసారి కూడా తొట్రుపడలేదు.

"నా ప్రాణానికి హాయిగా ఉంది" అంది దుబాసమ్మ. అది విని లైనన్న మెట్లు దిగుతుంటే మోకాలు కూడా సహకరించినట్టనిపించింది. ఆ నెలలో ఆయన అబద్ధం చెప్పకుండా బయటికొచ్చిన ఇల్లు అదొక్కటే.

నాలుగో రోజు పొద్దున ఫోన్ టింగుమంది. మూడో ఫిర్యాదు. అదే ఇల్లు.

మెట్లెలా ఎక్కాడో ఆయనకే తెలియదు. దుబాసమ్మ తలుపు తీసింది. కోపం కూడా మిగలనంత అలసిపోయి ఉంది.

"మళ్లీ మొదలైందన్నగారూ. రెండు రోజుల్నుంచి రోజుకు మూడు నాలుగుసార్లు. వైఫై ఉన్నట్టే చూపిస్తుంది, నెట్ ఉండదు. కాసేపటికి దానంతటదే వస్తుంది. నిన్న ఒక తల్లికి పసివాడి మందు మోతాదు చెబుతుండగా పోయింది. ఇక ఓపిక లేక పొద్దున్నే ఫిర్యాదు పెట్టేశాను. మీమీద కోపం లేదు."

"తప్పులేదమ్మా" అన్నాడు లైనన్న. ఆ ఫిర్యాదు ఖరీదేమిటో చెప్పలేదు. నాకు మంచి మార్కులేయండమ్మా, ఫిర్యాదు చేయకండమ్మా అని కస్టమర్ల కాళ్లావేళ్లా పడేవాళ్లు జట్టులో బోలెడుమంది. ఆయనకు ఆ విద్య రాలేదు.

రెండు డబ్బాలూ చూశాడు. లైట్లన్నీ పచ్చగా, అమాయకంగా వెలుగుతున్నాయి. లోపలి గదిలో నెట్ చక్కగా వస్తోంది. పోయినప్పుడు చూస్తే తప్ప పట్టుబడని రోగం అది. పాతకాలంలో టెలిఫోన్ గరగరలాడితే, ఆ గరగర వచ్చేదాకా చెవికి ఆనించుకుని కూర్చునేవాళ్లు. అదే చేద్దామనుకున్నాడు.

"పోయేదాకా ఇక్కడే కూర్చుంటానమ్మా."

"కూర్చోండి. కానీ గదిలో ఎవరూ ఉండకూడదని ఆస్పత్రి నియమం. తలుపేసుకుంటాను. బయటికి ఏమైనా వినబడినా ఇక్కడే వదిలేయండి."

"గడప దాటనివ్వను" అన్నాడు.

వసారాలో గది తలుపు పక్కనే ముక్కాలిపీట వేసుకుని, మోకాలు చాపుకుని కూర్చున్నాడు. ఫోన్‌లో నలభై నిమిషాలూ అయిపోయి ఎరుపు రంగులో మళ్లీ పైకి లెక్క మొదలైంది. ఆయన దాన్ని బోర్లా పెట్టాడు.

సన్న తలుపు. దుబాసమ్మ గొంతు వినబడుతూనే ఉంది. రోగి మాటలు వినబడవు, డాక్టరు మాటలూ వినబడవు, మధ్యనున్న ఈవిడ ఒక్కతే వినబడుతుంది. ఒకసారి తెలుగులో, ఒకసారి ఆ రెండో భాషలో. ఆశ్చర్యమేమిటంటే, ఆవిడ డాక్టరుగారు ఇలా అంటున్నారని చెప్పడం లేదు. ఎవరి మాట వస్తే వాళ్లే అయిపోతోంది. "నేను మీ ఎక్స్‌రే చూశాను" అంటోంది. ప్రతి కొత్త మనిషి రాగానే ముందుగా ఒకే నాలుగు మాటలు చెబుతోంది.

"నేను దుబాసీనండి. మీరేమంటే అదే డాక్టరుగారికి చెబుతాను, ఆయనేమంటే అదే మీకు చెబుతాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట తీయను. తొందరేం లేదు, నిదానంగా చెప్పండి."

మొదటిసారి లైనన్న ఊరికే విన్నాడు. రెండోసారి ఫోన్ మీద ఉన్న చెయ్యి తీసేశాడు. మూడోసారికి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి, అందుకు ఆయనకే చిరాకేసింది. తొందరేం లేదన్న మాట తనతో ఎవరైనా అని ఎన్నేళ్లయిందో లెక్కకు రాలేదు. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా తను ఎవరితోనైనా మాట్లాడి ఎన్నేళ్లయిందో, అదీ లెక్కకు రాలేదు.

నాలుగో మనిషితో మాట్లాడుతుండగా గొంతు ఆగిపోయింది.

"హలో? వినబడుతోందా అండీ? హలో?"

లైనన్న గబుక్కున తన ఫోన్ తిప్పి చూశాడు. వైఫై నిండుగా ఉంది, నెట్ లేదు. ఏ రౌటర్‌ను పట్టుకుందో ఫోన్ సెట్టింగుల్లోకెళ్లి చూశాడు. కొత్తది కాదు. తెల్ల డబ్బా.

ఆయన నాలుక కరుచుకున్నాడు. వెంటనే మొత్తం అర్థమైపోయింది. పాత పేరు కొత్తదానికి పెట్టే పద్ధతి ఇన్నేళ్లూ బాగా నడిచిందంటే, పాత డబ్బా ఎప్పుడూ తన సంచీలో వెళ్లిపోయేది కాబట్టి. ఇక్కడ మాత్రం పాతది గోడ మీదే ఉండిపోయింది. పెత్తనం తీసేశాడు గానీ దాని వైఫై ఆపడం మరిచాడు. ఇప్పుడు ఒకే పేరుతో రెండు వైఫైలు వెలుగుతున్నాయి. ఒకదాని వెనక నెట్ ఉంది, రెండోదాని వెనక ఏమీ లేదు. గది తలుపు తీసి ఉంటే ల్యాప్‌టాప్ కొత్తదాన్ని పట్టుకుంటుంది. తలుపేస్తే చెప్పుల అర మీదున్న కొత్తదానికంటే, గోడ మీద ఎత్తుగా ఉన్న పాతది ఒక్కోసారి గట్టిగా కనబడుతుంది. పేరు ఒకటేగా, అమాయకంగా అందులోకి దూకేస్తుంది. ఆ రోజు తను పరీక్షించింది తలుపు బార్లా తీసి. ఆవిడ రోజూ పనిచేసేది తలుపేసుకుని.

లేచి గుమ్మం దగ్గరికెళ్లి తెల్ల డబ్బా వైఫై ఆపేశాడు. రెండు నిమిషాల పని. లోపల గొంతు మళ్లీ మొదలైంది, "క్షమించండి, మధ్యలో లైను పోయింది. ఎక్కడున్నాం?" అని. ఆ తర్వాత ఇంకో గంట కూర్చున్నాడు. మూసిన తలుపు వెనక ఆ గొంతు మళ్లీ ఆగలేదు.

దుబాసమ్మ మంచినీళ్ల గ్లాసుతో బయటికొచ్చింది.

"పట్టుకున్నారా?"

కంపెనీ నేర్పిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి, అలవాటు అలాంటిది. లైనన్న వాటిని మింగేశాడు.

"తప్పు నాదేనమ్మా. మీ రౌటర్ బంగారంలా ఉంది. రెండింటికీ ఒకే పేరు పెట్టి, పాతదాన్ని ఆర్పడం మరిచిపోయాను. మీ కష్టం తగ్గిద్దామని చేసిన పనే మీకు కష్టమైంది."

ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసింది. కంపెనీ మనిషి నోటివెంట అలాంటి మాట ఆవిడ ఎన్నడూ విని ఉండదు.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. సూపర్‌వైజర్. ఒకప్పుడు గాజు తీగ అతకడం లైనన్న దగ్గరే నేర్చుకున్న మనిషి. మూడో ఫిర్యాదు పడగానే వాళ్లకు దానంతటదే కబురు వెళుతుంది. లైనన్న చేతిలో స్క్రూడ్రైవర్ ఉండటంతో ఫోన్ చెప్పుల అర మీద పెట్టి స్పీకర్ నొక్కాడు.

"అన్నా, ఏంటన్నా ఇది? మూడోది! సోమవారం నుంచి నిన్ను బయటి జట్టులో చూపిస్తోంది. నిచ్చెన పని. నీ కాలితో ఎట్లా?"

దుబాసమ్మ అందించబోతున్న గ్లాసు అక్కడే ఆగిపోయింది. లైనన్న అటు చూడలేదు.

"సరే... అదీ... ఏం చేస్తాం..." అని గొణిగాడు. తన గురించి మాట్లాడాల్సి వస్తే ఆయనకు ఎప్పుడూ అంతే, మాట పెగలదు.

"ఏంటి అన్నగారూ, నా ఫిర్యాదు వల్లనా?" అంది దుబాసమ్మ. ఆయన తలూపాడు. ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "మీరు మెల్లగా నాకు చెప్పండి. నేను ఆయనకు చెబుతాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట తీయను. తొందరేం లేదు."

లైనన్న చెప్పాడు. గొంతు గొంతులోనే, ముక్కలు ముక్కలుగా. దుబాసమ్మ ఫోన్ వైపు వంగి, స్పష్టంగా, నిదానంగా పలికింది.

"నేను ఆరేళ్ల కిందట నిచ్చెన మీంచి పడ్డాను. నా మోకాల్లో ఇనుప పట్టీ ఉంది. నాకు నిచ్చెనంటే భయం. ఈ మాట నేను నా భార్యకు కూడా చెప్పలేదు."

సూపర్‌వైజర్ తికమకపడ్డాడు.

"మేడమ్, పడింది మీరా?"

"కాదండి. ఆయన మాటే. నా పని ఇదే."

సూపర్‌వైజర్ గట్టిగా ఊపిరి వదిలాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అన్నా, విను. ఫిర్యాదు మూసేటప్పుడు ఫోన్ కారణం అడుగుతుంది కదా. కస్టమర్ సొంత పరికరం అన్నది నొక్కు. అప్పుడది నీ లెక్కలో పడదు. నేను కళ్లు మూసుకుంటా."

ఫోన్ పెట్టేశాడు. తెర మీద కారణాలు మూడు వరుసలుగా నిలబడ్డాయి. కంపెనీ పరికరం. సిబ్బంది పని. కస్టమర్ సొంత పరికరం.

"మూడోది నొక్కండి" అంది దుబాసమ్మ. "నాకేం పోతుంది?"

"అది నొక్కితే ఇక మీ ఇంటికి కంపెనీ నుంచి ఎవరూ రారమ్మా."

"అంతకంటేనా! మహాభాగ్యం. నొక్కండి అన్నగారూ, నా మాట వినండి. మీ కాలు ముఖ్యం."

మంచివాళ్లే ఇద్దరూ. ఇద్దరూ ఆయన మేలు కోరే చెబుతున్నారు. ఒక్క అబద్ధం, అదీ ఎవరికీ దెబ్బ తగలనిది. లైనన్న వేలు మూడో వరుస మీదికి వెళ్లింది. చెప్పుల అర మీద నల్ల రౌటర్ తన పని తను చేసుకుంటోంది. దాని తప్పేమీ లేదు. ఇన్నేళ్లూ చెడ్డ డబ్బాలను మంచివని చెప్పాడు. ఇప్పుడు మంచిదాన్ని చెడ్డదనాలి. రేపు ఇంకెవరైనా సొంత రౌటర్ పెట్టుకుంటామంటే, ఇదిగో చూడండి, సొంతవి పెడితే ఇలాగే అవుతుందని కంపెనీ వాళ్లు ఈ కాగితమే తీసి చూపిస్తారు. అలా చూపించి చెప్పాల్సింది మళ్లీ తనలాంటి వాడే.

పిచ్చి అనుకుంటే అనుకోండి. ధైర్యం చేశాడని నేననను. ఆయనకు ఇంకో అబద్ధం మోసే ఓపిక లేదు, అంతే. వేలు వెనక్కి తీసి, సిబ్బంది పని అన్నది నొక్కాడు.

"ఎందుకలా చేశారు?" అంది దుబాసమ్మ.

"మీరన్న మాటేనమ్మా" అన్నాడు సంచీ భుజానికెత్తుకుంటూ. "కలపలేదు, తీయలేదు."

ఆ సాయంత్రం భార్యతో అంతా చెప్పాడు, భయం సంగతి కూడా. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. వేడినీళ్ల గుడ్డ మామూలుకంటే ఎక్కువసేపు మోకాలి మీద అదిమి పట్టుకుంది. తర్వాత, "ఆ ముక్క నాకు చెప్పడానికి ఆరేళ్లు పట్టిందా?" అని మాత్రం అడిగింది.

సోమవారం పదిన్నరకు లైనన్న నిచ్చెన మీద ఉన్నాడు. కింద జట్టు పెద్ద నడుం మీద చేతులు పెట్టుకుని, "కానీయన్నా, ఇంకా నాలుగు స్తంభాలున్నాయి!" అని అరుస్తున్నాడు. ఏడో మెట్టు దగ్గర మోకాలు మంటెత్తింది. కళ్లు మూసుకున్నాడు. "తొందరేం లేదు" అని తనకు తనే చెప్పుకుని ఎనిమిదో మెట్టు ఎక్కాడు, తర్వాత తొమ్మిదోది.

పైన స్తంభానికి కట్టిన పెట్టెలోంచి గాజు తీగలు కట్టగా బయటికొచ్చి, ఒక్కొక్కటిగా విడిపోయి ఇళ్లవైపు వెళుతున్నాయి. లావుగా, గట్టిగా ఉంది ఆ కట్ట. దానికి భుజం ఆనిస్తే మోకాలి మీద బరువు సగం తగ్గుతుంది. జట్టులో అందరూ అలాగే ఆనుకుంటారు, గాజు తీగ నలిగి ఎవరింట్లోనో కాసేపు నెట్ పోయినా పట్టించుకోరు. లైనన్న భుజం వాల్చబోయి, ఆ తీగల్లో ఎడమవైపు వెళ్లే ఒకదాన్ని గుర్తుపట్టాడు. అది వీధి దాటి, మూడో అంతస్తు కిటికీ పక్కనుంచి లోపలికి పోతోంది. కిటికీ వెనక తలుపేసి ఉంటుంది. ఈపాటికి దుబాసమ్మ ఎవరికో ఏదో చెబుతూ సగంలో ఉండి ఉంటుంది.

ఆయన భుజం వెనక్కి తీసుకుని, బరువంతా కుడికాలి మీదే వేసుకుని, పని మొదలుపెట్టాడు.